పువ్వు దాకా ఉంచిన కలుపు

కామారెడ్డి జిల్లాలో ఎల్లారెడ్డి దగ్గర మా ఊరి చెరువు కట్ట మీద మడ చెట్టును మొలిపించిన ఘనత నాది. మడ చెట్టంటే సముద్రపు ఉప్పునీళ్ల బురదలో తప్ప బతకనిది. మా ఊరికి సముద్రం ఎంత దూరమో మా ఊళ్లో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాల్సిన అవసరం ఎవరికీ పడలేదు. నాకు మాత్రం పడింది, అదీ ఎమ్మెస్సీ బాటనీ ఆఖరి ప్రాక్టికల్ పరీక్ష రోజున.

మా చదువులో హెర్బేరియం అని ఒకటుంటుంది. యాభై మొక్కలను పువ్వుతో, వేరుతో సహా తెచ్చి, పాత పేపర్ల మధ్య నొక్కి ఎండబెట్టి, అట్టల మీద కుట్టి, కింద కుడి మూలన ఒక చీటీ అంటించాలి. మొక్క శాస్త్రీయ నామం, ఊళ్లో పిలిచే పేరు, దొరికిన చోటు, తేదీ, తెచ్చినవారి పేరు ఆ చీటీలో ఉండాలి. ఈ పేరు మీద పిల్లలు చేల గట్ల వెంట తిరిగి నాలుగు మొక్కలు గుర్తు పడతారని సిలబస్ రాసినవాళ్ల ఆశ. మా యూనివర్సిటీలో (పేరు చెప్పను, చెబితే సర్టిఫికెట్ వాపసు అడుగుతారని భయం) హెర్బేరియం అంటే సీనియర్లు పోతూ పోతూ జూనియర్ల చేతిలో పెట్టిపోయే కట్ట. పాత చీటీ మీద కొత్త చీటీ అంటిస్తే మొక్క కొత్తదవుతుంది. నాకొచ్చిన కట్టలోని ఉమ్మెత్త అప్పటికే నలుగురిని పాస్ చేయించింది. డిపార్ట్‌మెంట్‌లో దానికున్నంత సర్వీసు కొందరు లెక్చరర్లకు కూడా లేదు.

నేను ఇంకో ఇద్దరమ్మాయిలతో కలిసి కామారెడ్డిలో గది తీసుకుని, రోజూ బస్సులో క్యాంపస్‌కు పోయి వచ్చేదాన్ని. పరీక్షకు ముందు రోజు మధ్యాహ్నం ఆ గదిలో బోర్లా పడుకుని యాభై చీటీలు రాసేశాను. 'దొరికిన చోటు' అన్న దగ్గర యాభైకి యాభై ఒకటే మాట, మా ఊరి చెరువు కట్ట. చేతిరాత ముత్యాల్లా వచ్చింది. ఆ మురిపెంలో ఏ చీటీ ఏ మొక్క కింద అంటిస్తున్నానో చూడలేదు. ఎప్పుడో ఒక సీనియరు కాకినాడ టూరుకు పోయి కోసుకొచ్చిన మడ కొమ్మ కూడా ఆ కట్టలో ఉందని నాకు తెలియదు.

పరీక్షకు వేరే యూనివర్సిటీ నుంచి ఒక మేడం వచ్చింది. కాటన్ చీర, మెడలో గొలుసుకు వేలాడే కళ్లద్దాలు. పక్కన మా సారు కూర్చున్నాడు. మేడం ఒక్కో అట్టా తిప్పుతూ, ఒక చోట ఆగి అద్దాలు పెట్టుకుంది.

"మీది ఏ ఊరమ్మా?"

"ఎల్లారెడ్డి దగ్గర, మేడం."

"సముద్రం పక్కనా?"

"కాదు మేడం, నిజాంసాగర్ పక్కన," అన్నాను. ఆ రోజు నేను చెప్పిన నిజాలు ఆ రెండే.

ఆమె గోటితో నా చీటీని మెల్లగా లేపింది. దాని కింద ఒక అక్క చీటీ. దాని కింద ఒక అన్న చీటీ. ఆయన తన మడ చెట్టును మా జిల్లాలోనే, సముద్రం ఊసే లేని డోంగ్లిలో కోశాడట. మూడో చీటీ లేచేసరికి మా సారు తల పైకెత్తి సీలింగ్ ఫ్యాను ఎలా తిరుగుతుందో చూడటం మొదలుపెట్టాడు. అడుగు చీటీ మీద ఆయన సంతకమే ఉంది, ఇంకా జుట్టున్న రోజులది. మిగతా పన్నెండు మంది హెర్బేరియాలూ ఇదే బాపతు. కాకపోతే వాళ్ల ఊళ్లకు సముద్రం రాలేదు కాబట్టి వాళ్లు పాసైపోయారు.

మేడం తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "పదిహేను రోజులు టైమిస్తున్నాను. యాభై మొక్కలు, మీ ఊరివే, పువ్వుతో, ఊళ్లో పిలిచే పేరుతో పట్టుకురా. ఒక్కటి తగ్గినా వచ్చే ఏడు కలుద్దాం," అని సంతకం పెట్టకుండానే పెన్ను మూత పెట్టేసింది.

వచ్చే ఏడు అన్న మాట ఆమెకు తేలిక. కామారెడ్డిలో ఒక జూనియర్ కాలేజీలో బాటనీ చెప్పే మేడం మధ్యలో మానేసిందని నన్ను రమ్మన్నారు. నెలాఖరుకల్లా పాసైన కాగితం చూపిస్తే చాలు, లేకపోతే ఇంకొకరిని చూసుకుంటామన్నారు. మా బాపు, అంటే నాన్న, ఆ ఉద్యోగం సంగతి అప్పటికే సదాశివనగర్ చుట్టాల దాకా ఫోన్లు చేసి చెప్పేశాడు. మా ఇంట్లో డిగ్రీ దాటిన మొదటి మనిషిని నేను. నన్ను ఇంకో ఏడు కూర్చోబెట్టి చదివించే ఓపిక మా ఇంటికి లేదు, ఆ సంగతి అందరికీ తెలుసు.

లింగంపేట దాటేదాకా బస్సులో ఏడ్చాను. ఆ తర్వాత పక్క సీటు ఆవిడ మక్క కంకి పెడితే తిన్నాను.

ఇక్కడ మా అవ్వ గురించి చెప్పాలి. మా వైపు తల్లినే అవ్వ అంటాం. అవ్వ కలుపు కూలికి పోతుంది. నలుగురిలో ఒకతెగా కాదు. కూలీలు చేనులో వరుసగా కూర్చుని, ఎవరి పట్టీ వాళ్లు తీసుకుంటూ ముందుకు జరుగుతారు. ఆ పట్టీని మునుం అంటారు. ముందు మునుం పట్టే మనిషి ఎంత జోరుగా పోతే మిగతావాళ్లు అంత జోరుగా పోవాలి, ఆమె ఎంత శుభ్రంగా తీస్తే వాళ్లు అంత శుభ్రంగా తీయాలి. మా ఊళ్లో ఇరవయ్యేండ్లుగా ముందు మునుం మా అవ్వదే. వేరే విషయాల్లో ఆమెకు పెద్ద గర్వాలు లేవు కానీ, ఈ ఒక్కదాని దగ్గర సర్పంచ్‌ను కూడా లెక్కచేయదు.

జరిగినదంతా చెప్పాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ విన్నది.

"అంటే ఎవరో కోసిన గడ్డిని నువ్వు కోసిన అని చెప్పినవ్."

"అందరు గట్లనే చేస్తరవ్వా."

"అందరు దొరికిండ్రా?"

"లే."

"మరి గంత సదివి నువ్వెందుకు దొరికినవే?"

నా మోసం ఆమెకు పెద్దగా పట్టలేదు, చేతకానితనమే పట్టింది. చాట పక్కన పెట్టి, "యాభై గడ్డి పోసల కోసం గింత ఏడుపా? రేపు పొద్దుగూకే వరకు బస్త నింపిస్త, ఊకో," అంది.

నింపింది కూడా. మర్నాడు కూలి నుంచి వస్తూ ఒక సంచి తెచ్చి నా ముందు కుమ్మరించింది. అన్నీ రెండాకులవి, మూడాకులవి, వేలెడంత మొలకలు. వేర్లు మాత్రం ఒక్కటీ తెగకుండా ఉన్నాయి.

"పువ్వులేవవ్వా?"

"కలుపుకు పువ్వేందే? పువ్వు దాక ఉంచితె మాకు కూలెవరిస్తరు?"

రెండేళ్ల యూనివర్సిటీ చదువులో నాకు ఎవరూ చెప్పని సంగతి అది. మా పుస్తకాలన్నీ పువ్వు దగ్గర మొదలవుతాయి. రేకులెన్ని, కేసరాలెన్ని, అండాశయం పైనుందా కిందుందా అని చూస్తే తప్ప మొక్క పేరు చెప్పలేం. పువ్వు లేని మొక్కను ఇస్తే మా ప్రొఫెసర్లు కూడా 'ఏదో గడ్డి జాతి, పోయేసీ అయ్యుండొచ్చు' అని గొణిగి టీకి పోతారు. మా అవ్వ చదువు పువ్వు రాకముందే అయిపోతుంది. ఆమె తీసిన చేనులో కలుపు పూసిందంటే ఆమె ఫెయిలైనట్టు. పరీక్ష పెడదామని పదకొండు మొలకలు వరుసగా పేర్చాను. ఆమె అన్నం వారుస్తూ, ఇటు సగం చూసి, గునుగు, తుమ్మి, ఉత్తరేణి, ఎన్నాద్రి అని గడగడా చెప్పేసి, "గది మాత్రం మన మెంతి, ఎందుకు పీకినవే?" అని తిట్టింది. మెంతి పీకింది నేనే, ఆమెను ఇరికిద్దామని పెరట్లో నుంచి.

కాబట్టి పువ్వుల వేట నా మీద పడింది. అప్పుడు శ్రావణం. కరోనా తర్వాత మా సెమిస్టర్లు ఏ ఋతువులో పడతాయో మాకే తెలిసేది కాదు, ఈసారి మాత్రం నా అదృష్టం కొద్దీ వానల్లో పడింది. ఊరంతా పచ్చగా ఉంటుందనుకుని గట్లెక్కాను. గట్లన్నీ గడ్డిమందు కొట్టి పసుపుపచ్చగా మాడి ఉన్నాయి. ఒకప్పుడు అవ్వ గుంపులో పన్నెండు మంది ఉండేవాళ్లు, ఆ మందొచ్చాక ఐదుగురు మిగిలారు. చెరువు కట్టకు పోతే దాన్ని ఉపాధి హామీ వాళ్లు ముందు వారమే నున్నగా చెక్కేశారు. నా యాభై చీటీల్లో రాసిన ఆ కట్ట మీద నిలబడితే నాకు దొరికింది ఒక గరిక, ఒక బీరు సీసా.

రోడ్డు పక్కన వయ్యారిభామ, దిబ్బ మీద ఉమ్మెత్త, బడి వెనక పల్లేరు, అలా ఒక్కోటి ఏరుకుంటూ పోయాను. సరిగ్గా కలుపు తీయని చేలు రెండు మూడున్నాయని తెలిసి అవ్వను తోడు రమ్మంటే, "గా గలీజు చేన్లకు నేను రాను. ఎవరన్న సూస్తె నేనే తీసిన అనుకుంటరు," అంది. నేనొక్కదాన్నే పోయాను. ఇంటికి తెచ్చాక ఇంకో ప్రమాదం. పద్నాలుగో నంబరు గంగవాయిలి. మంచి పూత మీదున్నది. నేను స్నానం చేసి వచ్చేసరికి పప్పులో ఉడుకుతోంది. "లేతగుంది గదా అని వేసిన," అంది అవ్వ. నిజం చెప్పాలంటే పప్పు చాలా బాగుంది, రెండుసార్లు వేసుకున్నాను.

ఆరో రోజు సాయంత్రానికి ముప్పై నాలుగు అయ్యాయి. ఇక ఎక్కడా కొత్త పువ్వు కనబడటం లేదు. పేపర్ల కట్ట ముందు కూర్చుని ఏడవడం మొదలుపెట్టాను. ఈసారి మక్క కంకి పెట్టేవాళ్లు కూడా లేరు.

"ఎన్ని రోజులున్నయే?" అంది అవ్వ.

"తొమ్మిది."

"ఇంకేమేం కావాలె?"

కావాల్సిన పదహారు పేర్లు చెప్పాను. ఆమెకు తెలియనిది అందులో ఒక్కటీ లేదు, మొలకగా. రెండుసార్లు చెప్పించుకుని, వేళ్ల మీద లెక్కపెట్టుకుని, "సరే, ఊకో. అన్నం తిను," అని లేచి పోయింది. మర్నాటి నుంచి మూడు రోజులు ఆమె గుంపు పటేల్ పత్తి చేనులో కలుపుకు పోయింది. పటేల్ మా ఊళ్లో కాస్త భూమి ఎక్కువున్న ఆసామి. నేను ఇంట్లో ఉన్న మొక్కలను ఇస్త్రీపెట్టెతో ఎండబెడుతూ, ఒకటి రెండు మాడబెడుతూ గడిపాను.

పదమూడో రోజు ఇంకా చీకటి విడవకముందే అవ్వ నన్ను తట్టి లేపింది. "సంచి తీస్కొని పటేల్ పత్తి చేనుకు పో. గట్టు పక్క నుంచి నా మునుం పట్టి నడువు. ఎవరు లేవకముందే రావాలె."

"గాడ ఏమున్నదవ్వా?"

"పో అంటె పో."

పోయాను. వెలుగు వస్తోంది. మోకాలెత్తు పత్తి. నలుగురు ఆడవాళ్ల మునాలు ఊడ్చిన వాకిలిలా ఉన్నాయి. గట్టు పక్కన మా అవ్వ మునుంలో మాత్రం నాలుగడుగులకొకటి చొప్పున కలుపు మొక్కలు నిలబడి ఉన్నాయి. పూసి. తుమ్మి తెల్లగా, ఎన్నాద్రి నీలంగా, వామింట పసుపుగా. పదహారు రకాలు. ఒక్కో రకం రెండేసి, ఒకటి పాడైతే ఇంకోటి ఉండాలని. అన్నీ అప్పటికి మొగ్గ మీదున్నవి చూసి వదిలినట్టుంది. ఇంకా దగ్గరికి వంగి చూస్తే, ఒక్కోదాని చుట్టూ ఉన్న మిగతా గడ్డిని శుభ్రంగా తీసేసి ఉంది. మా అవ్వ కలుపుకు కలుపు తీసింది.

నేను అక్కడే కూర్చుండిపోయాను. ఇరవయ్యేండ్లలో ఒక్క పరక వదలని మనిషి ఇలా వదలాలంటే ఎంత కష్టపడి ఉంటుందో నాకు అర్థమైంది. పక్కనున్నవాళ్లు చూడకుండా, చెయ్యి దానంతటది పోయి పీకబోతుంటే ఆపుకుంటూ, మూడు రోజులు. మనసు ఒకలా అయిపోయింది. కానీ వెలుగొస్తోంది, వేరు తెగకుండా తవ్వి సంచిలో వేసుకోవడం మొదలుపెట్టాను. తొమ్మిదో పదో మొక్క తవ్వేసరికి గట్టు మీద పటేల్. చేతిలో నీళ్ల సీసా ఉంది, పొద్దున్నే చేనుకొచ్చే పని మీద వచ్చాడు.

"ఎవరది?"

"నేనే, పటేలా."

ఆయన నన్ను చూశాడు, సంచి చూశాడు, మునుం చూశాడు. సీసాను మర్యాదగా వెనక్కి పెట్టుకున్నాడు. "మీ అవ్వ ఇడిచినయి తీయనీకి వచ్చినవా?"

నేను సంచిని కొంచెం పక్కకు జరిపాను.

"మొన్ననే సూసిన బిడ్డా. తక్కినోళ్లయి అద్దం లెక్కున్నయ్, మీ అవ్వదే గిట్ల. పాపం, కండ్లకు మసకలొచ్చినయ్. మనసు నొచ్చుకుంటదని నేనేమనలే. నువ్వు సదువుకున్నదానివి, అవ్వ పరువు పోవద్దని ఇంక చీకటుండంగనే మబ్బుల్ల లేసి వచ్చినవు. పిల్లలంటె గిట్లుండాలె."

ఆయన వంగి, తన వంతుగా రెండు మొక్కలు పీకి నా సంచిలో వేశాడు. రెండింటికీ వేరు తెగింది, హెర్బేరియానికి పనికిరావు. అయినా మంచిది పటేలా అన్నాను. "ఇగ ఎండల అవ్వను కష్టపెట్టకు, కామారెడ్డికి తీస్కపోయి కండ్లు సూపియ్యి," అని చెప్పి ఆయన తన పని చూసుకోవడానికి పోయాడు. నేను ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. ఆ మాట చెప్పకుండా, ఆయన మెచ్చుకోలు కూడా సంచిలో వేసుకుని, మిగతా రకాలు ఒక్కోటి గబగబా పీకి, జతలో రెండోవి ఎక్కడివక్కడే వదిలేసి ఇంటికి పరుగెత్తాను.

అవ్వకు చెప్పాను. ఆమె నా సంచిలోని వేర్లు చూస్తూ, "నువ్వేమన్నవ్?" అంది.

"ఏమనలే."

"మంచి పని చేసినవ్."

"గట్లెట్లవ్వా? నేను పోయి చెప్త. నా కోసమే ఇడిచినవని చెప్త."

ఆమె కోపాన్ని నేను చాలాసార్లు చూశాను కానీ, ఆ రోజు చూసింది వేరు. "నోరు మూసుకో. కండ్లు మసకలొచ్చినయ్ అంటె పాపం అంటరు. కావాలని ఇడిచింది అంటె, కూలి తీస్కొని మోసం చేసింది అంటరు. గుడ్డిదాన్నయితె అయిత గని దొంగనైతె కాను," అంది. తర్వాత ఇస్త్రీపెట్టె వేడి చేసి ఇచ్చింది.

పదిహేనో రోజు యాభై అట్టలు మోసుకుని మేడం ముందు నిలబడ్డాను. ఈసారి ఆమె ప్రతి చీటీ గోటితో గీకి చూసింది. కింద అట్ట తప్ప ఏమీ లేదు. ఊరి పేర్లన్నీ పైకి చదివింది, ఒకటి రెండు తన నోట్‌బుక్కులో రాసుకుంది కూడా. మా సారు ఈసారి ఫ్యాను వైపు చూడకుండా నా వైపు చూశాడు, నన్ను తానే తయారు చేసినట్టు.

"ఈ చివరి పదహారూ ఒకే చేనువా?"

"అవును మేడం."

"పత్తి చేను. ఒకే రోజు. అన్నీ పూత మీద!" మేడం నవ్వింది. "ఆ చేనులో కలుపు తీసినవాళ్లెవరో గానీ, ఎంత సోమరిపోతులమ్మా మీ ఊరి కూలీలు!"

బయటి మేడం నవ్వింది కాబట్టి మా సారు నవ్వాడు. ఆమె చేతిలో పెన్నుంది, ఇంకా సంతకం పెట్టలేదు. నేనూ నవ్వాను. ఇది రాయాలని నాకేమీ లేదు, కానీ మిగతా వాళ్ల గురించి ఇంత రాసి దీన్ని దాచిపెడితే బాగుండదు. పటేల్ దగ్గర నోరు మూసుకోవడం వేరు, అది అవ్వ కూడా సరే అన్నది. ఇక్కడ నవ్వింది మాత్రం నేనే. ఆ నవ్వుకు సంతకం వచ్చింది.

ఉద్యోగం వచ్చింది. బాపు సదాశివనగర్‌కు మళ్లీ ఫోన్లు చేశాడు. నేను కామారెడ్డిలో అదే గదిలో ఉంటూ, ఇంటర్ పిల్లలకు పుష్పం భాగాలు బోర్డు మీద గీసి చూపించడం మొదలుపెట్టాను. అక్కడ ఊళ్లో, పటేల్ తర్వాతి కలుపుకు ముందు మునుం ఇంకొకామెకు ఇచ్చాడు. చెడ్డతనంతో కాదు, జాలితోనే. అవ్వను చివరి మునుంలో నీడ పక్కన కూర్చోబెట్టాడు. ఆ మీదట మిగతా ఆసాములు కూడా అదే బాట పట్టారు. గుంపులోని ఆడవాళ్లు, "ఏందక్కా, బిడ్డకు నౌకరొచ్చినంక కండ్లు నెత్తికెక్కినయా?" అని ఎకసెక్కాలాడితే అవ్వ వాళ్లతో కలిసి నవ్వేది. చలికాలం వచ్చేసరికి పిలవడమే తగ్గించారు. ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టడం మొదలుపెట్టింది. నేను పోయినప్పుడల్లా, "మంచిగనే ఉన్న, నీడ పట్టున," అనేది. బీడీ ఆకును కత్తెరతో కత్తిరిస్తుంటే ఆమె మొహం చూడలేక నేను ఫోన్ చూసుకునేదాన్ని.

మళ్లీ వానాకాలం వచ్చింది. ఒక రోజు స్టాఫ్ రూంలో టిఫిన్ డబ్బా తెరుస్తుంటే ఫోన్ మోగింది. పటేల్.

"బిడ్డా, నువ్వు మొక్కల సదువు సదివినవ్ గదా, ఒక మాట అడుగుత. నా పత్తి చేన్ల ఒక కలుపు పుట్టింది. గట్టు దిక్కున మొదలైంది, ఇప్పుడు సగం చేను కమ్మింది. మూడు తాపలు మందు కొట్టిన. మందుల షాపోడు ఇంకేదో ఇచ్చిండు, దాంతోని పత్తి మాడింది గని ఇది మాడలే."

"పువ్వు ఏ రంగు, పటేలా?"

"నీలం."

ఎన్నాద్రి. గట్టు దిక్కునంటే అవ్వ మునుమే. జతలో ఒకటి పీకి రెండోది నేను వదిలేసి వచ్చిన మొక్క. నా డబ్బాలో అన్నం అలాగే ఉంది. బ్లాక్ బోర్డు ముందు నిలబడ్డ గొంతు తెచ్చుకున్నాను.

"పటేలా, దాన్ని ఎన్నాద్రి అంటరు. దానికి భూమి పైన ఒక పువ్వు, భూమి లోపల ఒక పువ్వు పూస్తది. లోపలిది కూడ విత్తనం కడ్తది. తీగ తెగి పడ్డా మల్ల వేరు పోసుకుంటది. ఆ గడ్డిమందుకు అది సరిగ లొంగది. సన్నగున్నప్పుడే, పువ్వు రాకముందే, చేతితోని వేరుతో సహ తీయాలె."

ఇంతవరకు చెప్పిందంతా నిజం, కావాలంటే ఏ పుస్తకంలోనైనా చూసుకోవచ్చు.

"భూమి లోపల పువ్వా!" అన్నాడు పటేల్. "గంత సన్నగున్నప్పుడు ఎవరు గుర్తు పడ్తరు బిడ్డా?"

"మా అవ్వ."

"అవ్వకు కండ్లు..."

"ఆపరేషన్ అయింది, పటేలా. మీరు చెప్పినట్టే కామారెడ్డిల చేయించిన. ఇప్పుడు సూదిల దారం ఎక్కిస్తది."

ఈ అబద్ధం కూడా నా చేతిరాతలాగే ముత్యాల్లా వచ్చింది. ఎదురుగా కూర్చున్న కెమిస్ట్రీ సారు, మీ అమ్మగారికి ఆపరేషనా, ఎప్పుడు, చెప్పనేలేదే అన్నట్టు చూశాడు. పటేల్ మాత్రం చాలా సంతోషపడ్డాడు. తన మాట విని చేయించానని ఇంకా సంతోషపడ్డాడు. "రేపే రమ్మను. ముందు మునుం ఆమెదే," అన్నాడు.

అవ్వకు ఫోన్ చేసి చెబితే అటునుంచి తిట్ల వర్షం. "ఏం రోగమే నీకు? మంచిగున్న కండ్లకు ఆపరేషన్ చేయించినవా? రేపు కాళ్లు కూడ కోపిస్తవా?" ఊపిరి తీసుకోవడానికి ఆగి, "నల్లద్దాలు పెట్టుకోవాల్నా?" అని అడిగింది. నిజంగా ఆపరేషన్ అయిన పక్కింటి ముసలాయన అద్దాలు అడిగి తెచ్చుకుందట. వాటిని పెట్టుకుంటే ఏమీ కనబడటం లేదని పది నిమిషాల్లో తీసి కొంగులో ముడేసుకుందని తర్వాత తెలిసింది.

మర్నాడు పన్నెండు గంటల వేళ, నేను క్లాసుకు పోతూ ఉంటే ఆమె నుంచి ఫోన్. గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"పటేల్ గట్టు మీదున్నడు, జల్ది చెప్పు. ఇంకేమన్న సదువుతవా?"

"ఏందవ్వా?"

"ఇంకేదన్న పరీక్ష గిట్ల ఉన్నదా అని. ఉంటె ఇప్పుడే చెప్పు, రెండు మూడు ఇడిచిపెడ్త. మల్ల పువ్వు కావాల్నంటె దొరకయి."

పీహెచ్‌డీ ఎంట్రెన్సుకు అప్లికేషన్ పెట్టిన సంగతి నేను అప్పటికి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

"ఏం లేదవ్వా. ఒక్కటి కూడ ఇడువకు."

"మంచిగ యాది చేసుకో."

"లేదవ్వా. అన్ని పీకెయ్."

"సరే మరి," అని ఫోన్ చంకలోనో కొంగులోనో పెట్టేసుకుంది. కట్ చేయడం ఆమెకు రాదు. మట్టిలో కొడవలి ఆడుతున్న చప్పుడు, వెనకున్నవాళ్లను 'జల్ది రాండ్రే' అని ఆమె గదమాయించడం వినబడుతున్నాయి. క్లాసులో పిల్లలు లేచి నిలబడ్డారు. నేను గుమ్మంలోనే ఆగిపోయి, ఫోన్ చెవికి పెట్టుకుని, వాళ్లకు మొహం కనబడకుండా గోడ వైపు తిరిగి ఏడ్చాను.